డిక్కీ కూడా తుడిచాను

"రేపు మా చెల్లి పసిపిల్లతో దిగుతోంది, కార్లో ఒక్క కుక్క వెంట్రుక కనిపించకూడదు" అని చెప్పి మా ఆయన పేపరు అందుకున్నాడు. ఆయన చెప్పడం, నేను చేయడం. మా ఇంట్లో పని పంచుకోవడమంటే అదే. వాక్యూమ్ పెడితే సీట్ల మీది వెంట్రుక సగం అక్కడే ఉండిపోతుంది. అంట్లు తోమే రబ్బరు గ్లౌజు తడిపి ఒకే వైపుకు రాస్తే ఉండ చుట్టుకుని పైకొస్తుంది. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. చేయగా చేయగా వచ్చింది.

మా కుక్క పేరు బంతి. అది ఏనాడూ కారెక్కి ఎరగదు. దాన్ని కారెక్కించావో చూడు అని ఆయన మొదటిరోజే ఆంక్ష పెట్టాడు. టీకాలకు కూడా నడిపించుకునే తీసుకెళ్లేదాన్ని. సీట్ల మీదున్నదంతా మా బట్టలకు అంటుకుని వచ్చిందే. బంతి కనిపించకుండా పోయి నాలుగు నెలలు. ఇప్పటికీ వంటింట్లో వెనక్కి అడుగేయాలంటే తోక తొక్కుతానేమోనని ఆగుతాను. గచ్చు మీద గోళ్ల చప్పుడు వినిపిస్తుంది, తిరిగి చూస్తే ఏమీ ఉండదు.

ఆ రోజు గేటు నేనే వేయలేదట. "నువ్వే మరిచిపోయుంటావు. నీ ధ్యాస ఎక్కడుంటుందో నీకే తెలీదు" అన్నాడు ఆయన. గొళ్లెం చల్లగా వేలికి తగిలిన గుర్తు నాకుంది. అయినా ఆయన అంత నిబ్బరంగా చెబుతుంటే నా గుర్తు ఏపాటిది? పసిబిడ్డ వచ్చే ఇంట్లో కుక్కేంటని అంతకుముందు సణిగిన అత్తగారు, ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ మా కోడలికి కాస్త మతిమరుపు అని నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టింది. నేను మందుల షాపులో పనిచేస్తాను. ఒక్కో చీటీ నాలుగేసి సార్లు చూస్తున్నానని మా ఓనరు కొన్నాళ్లు సెలవు పెట్టమన్నాడు. సరేనని తలూపాను. నాకు నిజంగానే మతి పోతోందని భయం.

సూట్‌కేసులు పెట్టాలి కదా అని డిక్కీ తెరిచి, కార్పెట్ మీద బాత్‌రూమ్ వైపర్ రబ్బరుతో గట్టిగా లాగాను. ఒకటీ అరా కాదు, గుప్పెడు గోధుమరంగు వెంట్రుకలు వచ్చాయి. మూలనుంచి ఇంకో గుప్పెడు. డిక్కీ మూత లోపలి వైపు గోళ్ల గీతలు, పైనుంచి కిందిదాకా. ఒకచోట విరిగిన గోరు ముక్క ఇరుక్కుని ఉంది. ఏనాడూ కారు తుడిచిన మనిషి కాదు కాబట్టి వెంట్రుక అంత తేలిగ్గా వదలదని ఆయనకు తెలియదు. ఏడుపు కన్నా ముందు నాకు ప్రాణం లేచొచ్చింది, అందుకు సిగ్గూ వేసింది. నా మతికేమీ కాలేదు.

గ్లౌజు తీయకుండానే లోపలికెళ్లి తాళాలు తీసుకున్నాను. అయిందా అని ఆయన పేపరు వెనకనుంచి అడిగాడు.

"డిక్కీ కూడా తుడిచాను" అన్నాను.

పేపరు దిగింది. పక్క కుర్చీలో ఉన్న అత్తగారు నేల చూపులు చూస్తోంది.

"లేవండి. బంతిని ఎక్కడ దించారో దారి చెప్పండి. నేను నడుపుతాను."