ప్లేట్ల వరుస

మేస్త్రీకి లోకంలో ఇద్దరంటేనే భయం. ఒకరు పెళ్ళాం, రెండోవాడు పెళ్ళాం తమ్ముడు. ఆవిడ నోరు తెరిస్తే భయం, వాడు కారెక్కితే భయం.

అక్క వాణ్ణి చిన్నప్పుడే తూనీగ అంది, ఒకచోట కుదురుగా వాలడని. తల్లి పోయాక కంటికి రెప్పలా పెంచింది. పెంచి ఏం లాభం? పెద్దవాడై రెండు తలుపుల స్పోర్ట్స్ కారొకటి కొని, దానికి టర్బో ఇంజను పెట్టించి, సెలవొస్తే చాలు రేసు ట్రాక్ మీదే పడి ఉండేవాడు. దాని పనంతా బావ మెకానిక్ షెడ్డులోనే.

ఆ కారులో పాతది ఒక్కటే మిగిలింది, వెనక డిఫరెన్షియల్. మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదా, ఆ సర్దుబాటు చూసేది అదే. మామూలు బండికి అది చాలు. రేసులో మాత్రం లోపలి చక్రం కాస్త తేలిందంటే ఇంజను బలమంతా ఆ చక్రం దగ్గరే వృథా అవుతుంది, బండి లాగదు. అందుకే లోపల ప్లేట్లుండే కొత్తరకం కావాలన్నాడు తూనీగ. యాక్సిలరేటర్ తొక్కగానే ఆ ప్లేట్లు ఒకదాన్నొకటి బిగపట్టి రెండు చక్రాల్నీ కలిపి తిప్పుతాయి.

"నువ్వే బిగించాలి బావా. ఇంకొకడి చెయ్యి పడితే నేనెక్కను," అన్నాడు.

మేస్త్రీ పొంగిపోయాడు. ఇంటికెళ్ళి ఆ మాట గొప్పగా చెప్పుకున్నాడు కూడా, బుద్ధి లేక.

"అది పెడితే మలుపులో ఇంకా స్పీడుగా పోతాడు, అవునా కాదా?" అంది ఆవిడ.

"అవుననుకో. నేను చెయ్యనంటే ఇంకొకడి దగ్గరికి పోతాడే."

"చెయ్యొద్దనట్లేదండీ. పెట్టండి. పట్టు తగ్గించి పెట్టండి. వాడికి మాత్రం తెలీకూడదు." కళ్ళు తుడుచుకుంది. "నాకున్నది వాడొక్కడే."

ఆ ప్లేట్లు రెండు రకాలు. ఇరుసుతో తిరిగేవి కొన్ని, వాటి చుట్టూ ఉండే పెట్టెతో తిరిగేవి కొన్ని. ఒకటి విడిచి ఒకటి పేరిస్తేనే ఒరుసుకుని పట్టుకుంటాయి. ఒకే రకాన్ని పక్కపక్కన పేరిస్తే సామానంతా ఉంటుంది, పట్టు మాత్రం సగం కూడా ఉండదు. విప్పి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు. మేస్త్రీ అలాగే పేర్చాడు. ఆయన చేతిలో పని చెడిపోయిన రోజులున్నాయి గానీ, కావాలని చెడగొట్టిన రోజు లేదు. చేతులు వణికాయి. వాడి మంచి కోసమే కదా అని తనకి తనే నచ్చజెప్పుకుని మూత బిగించేశాడు.

కొత్త డిఫరెన్షియల్‌ని మచ్చిక చేసుకోవాలి. ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఎనిమిది అంకె వేస్తున్నట్టు బండిని తిప్పాలి, బిగించినవాడు పక్కన కూర్చోవాలి. రేసు బళ్ళ షెడ్డుల్లో అది రివాజు. తూనీగ తిప్పుతుంటే మేస్త్రీ చెవులు రిక్కించి కూర్చున్నాడు. మొదట్లో ప్లేట్లు ఒరుసుకుని ఇవి కరకరలాడతాయి. ఇది కిక్కురుమనలేదు.

"ఎంత నున్నగా ఉంది బావా! అందరివీ చెవులు తినేస్తాయి. నీ చెయ్యే చెయ్యి!"

మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూశాడు.

ప్రాక్టీసు నుంచి మాత్రం వాడు దిగాలుగా బావ ఇంటికొచ్చాడు. "మలుపు దాటేటప్పుడు అనుకున్నంత లాగట్లేదు బావా. ట్రాక్ దగ్గర మనవాళ్ళు నీ పని మీద వంక పెట్టి, ఒకసారి విప్పి చూడమన్నారు. నా బావ బిగించాక ఇంక చూసేదేముందని నోళ్ళు మూయించాను. నడపడం నాకే చేతకావట్లేదు. ఇంకా ముందే యాక్సిలరేటర్ తొక్కాలేమో కదా?"

చెప్పడానికి అదే సమయం. మేస్త్రీ నోరు విప్పబోయాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య కళ్ళతోనే వద్దంది.

"అలవాటు పడాలిరా," అన్నాడు మేస్త్రీ. ఆ ఒక్క మాటా అనకుండా ఉన్నా బాగుండేది!

రేసు రోజున ఆయన కంచె దగ్గరే నిలబడ్డాడు. తూనీగ కుడి మలుపులో అందరికంటే ముందే పూర్తిగా తొక్కాడు. లోపలి చక్రం జారి, పొగ కక్కుతూ ఉత్తినే తిరిగింది. బండి లాగకపోయేసరికి వాడు ఇంకా తొక్కి పట్టాడు. చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికింది. బండి వెనక భాగం గిర్రున తిరిగి, కారు పక్కవాటుగా గోడకి కొట్టుకుంది. వాడు కూర్చున్న వైపే.

ప్రాణం దక్కింది. నడుము కింద ఇంక స్పర్శ రాదని డాక్టరు చెప్పాడు.

స్పృహ వచ్చాక వాడు అడిగింది డిఫరెన్షియల్ గురించే. "మనవాళ్ళు నిన్నే అంటున్నారట కదా బావా? వాళ్ళందర్నీ షెడ్డుకి పిలిచి, వాళ్ళ ముందే విప్పి చూపించు. నావల్ల నీకు మాట రావడం నాకిష్టం లేదు."

వరండాలోకి వచ్చాక భార్య గోడకానుకుంది. మనిషి ఒక్కసారిగా ముసలిదైపోయినట్టుంది. "వాళ్ళు రాకముందే వెళ్ళి సరిచెయ్యండి," అంది. "మనమే ఇలా చేశామని తెలిస్తే వాడింక బతకడు."

వాడు బతకడా, తాము మొహం చూపించలేరా? మేస్త్రీ అడగలేదు. షెడ్డుకెళ్ళి షట్టరు దించి, నుజ్జయిన కారు కిందకి దూరాడు. డిఫరెన్షియల్‌ని ఊడదీసి ప్లేట్లన్నీ గుడ్డమీద పరిచాడు. ఒకటి విడిచి ఒకటి, ఎలా ఉండాలో అలా పేర్చాడు. ఈసారి చేతులు వణకలేదు. అందుకు తన చేతుల మీద తనకే అసహ్యం పుట్టింది.

మర్నాడు రేసువాళ్ళు వచ్చారు. వాళ్ళ ముందు మూత విప్పి ఒక్కొక్క ప్లేటూ తీసి చూపించాడు. వాళ్ళు తలలు వంచుకున్నారు. "మన్నించు మేస్త్రీ, నీ తప్పేం లేదు. కుర్రాడే తొందరపడ్డాడు," అన్నారు. అందులో ఒకడు అప్పుడే ఆసుపత్రికి ఫోను చేసి చెప్పేశాడు.

మేస్త్రీ వెళ్ళేసరికి అక్క తమ్ముడికి చెంచాతో పాలు పడుతోంది. తూనీగ బావని చూసి నవ్వాడు, ఆ ప్రమాదం తర్వాత మొదటిసారి.

"చెప్పానా అక్కా? బావ పని బంగారం. తప్పంతా నాదే."

"మాట్లాడకు నాన్నా, పొలమారుతుంది," అని ఆవిడ వాడి మూతి తుడిచింది.