గులాబీ గది గుమ్మం

సగం గచ్చు తుడిచాక ఆమె వెనక్కి జరిగి, తడి ఆరేదాకా గోడకి ఆనుకుని నిలబడింది. తెల్లటి టైల్స్. చీమ పాకినా మచ్చలా కనపడుతుంది. గుడ్డని బకెట్లో ముంచి పిండుతుంటే ఎడమ మణికట్టు కలుక్కుమంది. ఎప్పుడో విరిగిన చెయ్యి అది, వంకరగా అతుక్కుంది. అందుకే ఆమె ఎంత గట్టిగా పిండినా గుడ్డ ఒక కొసన నీళ్ళు ఓడుతూనే ఉంటుంది.

పోలీస్ స్టేషన్లో మిగతా గదులన్నీ గుంటలు పడ్డ సిమెంటు గచ్చే. టైల్స్ ఉన్నది ఈ గులాబీరంగు గదికే. ఆడవాళ్ళ మీద జరిగే ఘోరాల్ని అరికట్టాలని సర్కారు డబ్బు మంజూరు చేసి కట్టించింది. కష్టంలో ఉన్న ఆడమనిషి భయం లేకుండా వచ్చి కూర్చుని తన గోడు చెప్పుకోవాలట. మెత్తటి సోఫా, గాజుబల్ల, చంటిపిల్లలతో వచ్చేవాళ్ళ కోసం బొమ్మల బుట్ట, మూలన కాగితం పూల కుండీ. ప్రారంభం నాడు కత్తిరించిన రిబ్బను ముక్క తలుపు గడియకి ఇంకా వేలాడుతూనే ఉంది. గదిలో కూర్చోవలసిన ఆడ కానిస్టేబుల్‌ని మాత్రం మరుసటి వారమే నాలుగు రోడ్ల కూడలికి, ట్రాఫిక్ డ్యూటీకి పంపించారు. అప్పటినుంచీ గదికి తాళం. తాళంచెవి ఆమె నడుముకి.

సోఫాకి మసక ప్లాస్టిక్ కవరు తీయలేదు. "పెద్దవాళ్ళు చూడ్డానికొస్తే కొత్తగా ఉండాలి కదా పిన్నీ" అన్నాడు హెడ్డుగారు. అందుకని ఆమె రోజూ తుడిచేది సోఫాని కాదు, కవరుని. బొమ్మల బుట్టలో ఎలుగుబంటి కూడా సంచీలోంచి బయటికి రాకుండానే గోడలకేసి చూస్తూ ఉంటుంది.

ఆమెని స్టేషన్లో అందరూ ఊఁ పిన్ని అంటారు. ఏం చెప్పినా ఊఁ అంటుంది కాబట్టి. బల్లలు తుడువు, ఊఁ. టీ తే, ఊఁ. ఈ నెల జీతం రెండు రోజులు ఆలస్యం, ఊఁ. ఆ అలవాటు స్టేషన్లో అబ్బింది కాదు. కాపురం చేసిన రోజుల్లో మొగుడు అడిగినదానికి అవునంటే ఒక దెబ్బ, కాదంటే రెండు దెబ్బలు. మాట్లాడకపోతే పొగరంటాడు. ఊఁ అంటే ఒక్కోసారి తప్పించుకునేది. అలా నాలుక మీద అదొక్కటే మిగిలింది. మొగుడు తాగి తాగి పోయాక, జాలిపడి ఎవరో ఇక్కడ ఊడ్చే పని ఇప్పించారు. ఇంట్లో ఉన్నది చెవిటి అత్తగారు. ఆవిడకి అదే కోపం.

"నీ ఊఁ నాకెక్కడ వినపడి చచ్చిందే! తలన్నా ఊపు. గోడతో కాపురం చేస్తున్నట్టుంది" అని పొద్దున్నే అరిచింది. ఆమె తల ఊపి, క్యారేజీ సర్దుకుని వచ్చేసింది.

బకెట్ బయట పెడుతుంటే బల్ల దగ్గర ఒక పిల్ల కనపడింది. దుకాణాలకి చొక్కాలకి బొత్తాలు కుట్టే పిల్ల. నెలరోజులుగా వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడల్లా "రేపు రా" అంటారు, లేదా మొగుణ్ణి పిలిపించి ఇద్దరికీ కలిపి నాలుగు మంచిమాటలు చెప్పి పంపిస్తారు. ఇవాళ పిల్ల కింది పెదవి వాచి ఉంది. ఒక చేత్తో రెండో మోచెయ్యి పట్టుకుని ఉంది.

"హెడ్డుగారు ఇంకా రాలేదమ్మాయ్" అంది ఊఁ పిన్ని.

"ఆయన్తో నాకేం పని లేదు పిన్నీ. కాగితం రాయమని కూడా అడగను." పిల్ల గొంతు తగ్గించింది. "మా అక్కకి ఫోన్ చేశాను. సాయంత్రం బస్సుకి వస్తుంది, నన్ను తీసుకుపోతుంది. అప్పటిదాకా ఈ గదిలో కూర్చోనిస్తావా? ఇంకెక్కడున్నా వెతుక్కుంటూ వచ్చేస్తాడు. ఇవాళ దొరికితే మాత్రం వదలనన్నాడు."

ఊఁ పిన్ని గదిలోకి చూసింది, గేటు వైపు చూసింది. నడుముకున్న తాళంచెవి బరువు ఆ క్షణాన తెలిసింది. హెడ్డుగారిని అడక్కుండా ఆమె ఈ స్టేషన్లో కుర్చీ కూడా జరపలేదు ఎప్పుడూ.

"గచ్చు తడి. చెప్పులు బయట విడిచి రా" అంది.

పిల్ల చెప్పులు విడిచింది. తెగిన పట్టీని నీలం దారంతో దగ్గరదగ్గరగా కుట్టుకుంది, బొత్తం కుట్టినంత శ్రద్ధగా. గుమ్మం పక్కన జతగా సర్ది, లోపలికి వెళ్ళి సోఫా అంచున కూర్చుంది. ప్లాస్టిక్ కిర్రుమంది. ఉలిక్కిపడి లేచి, కింద గచ్చు మీదే గోడకి ఆనుకుని కూలబడింది.

"ఇక్కడే బావుంది పిన్నీ, చల్లగా."

తన టీలో సగం గ్లాసులో పోసి ఇచ్చింది ఊఁ పిన్ని. పెదవి మండుతుందేమో, పిల్ల ఊదుకుంటూ చాలాసేపు తాగింది. తాగుతూ గోడలకేసి చూసి, "ఈ రంగు గుడ్డ తెస్తే మా దుకాణంలో తెల్ల బొత్తాలే వేస్తాం. ఇంకేదీ నప్పదు" అంది. వాచిన పెదవితోనే కొంచెం నవ్వింది.

హెడ్డుగారు చెమట్లు కక్కుతూ వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, గట్టిగా కసురుకోడు కూడా. ఊఁ పిన్నికి జ్వరమొస్తే మాత్రలు తెప్పించి ఇచ్చినవాడు. ఇవాళ మాత్రం కాలు కాలిన పిల్లిలా ఉన్నాడు. "పిన్నీ! గది తియ్యి, కవర్లు పీకెయ్! పెద్ద మేడమ్ మధ్యాహ్నం వస్తున్నారు, గది ఎలా నడుస్తోందో చూడ్డానికి" అంటూ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. "ఇదేంటి, ఈ అమ్మాయి ఇక్కడ?"

పిల్లే చెప్పింది, అక్క సంగతి, సాయంత్రం బస్సు సంగతి.

"దానికేం తల్లీ, కూర్చుందువుగాని" అన్నాడు హెడ్డుగారు మెత్తగా. "మేడమ్ వచ్చి వెళ్ళేదాకా వెనక షెడ్డులో ఉండు. ఎంతసేపులే."

పిల్లని వెనక తలుపులోంచి పంపించాడు. పట్టుబడ్డ సైకిళ్ళు తుప్పు పట్టే షెడ్డు అది. పిల్ల వెనక్కి తిరిగి ఊఁ పిన్ని వైపు చూసింది, పిలుస్తావుగా అన్నట్టు. ఆమె తలూపింది.

"గదిలో కష్టం చెప్పుకునే మనిషి ఒకరు కనపడాలి కదా, ఏం చేద్దాం?" హెడ్డుగారు తల గోక్కున్నాడు.

"ఆ పిల్ల ఉందిగా" అంది ఊఁ పిన్ని. హెడ్డుగారితో ఆమె ఊఁ కాక ఇంకో మాట అని ఎన్నాళ్ళయిందో.

"బాగా చెప్పావు! నోరు తెరిస్తే నెలనుంచీ తిరుగుతున్నానంటుంది. నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి." ఆమెని ఎగాదిగా చూశాడు. చూపు మణికట్టు మీద ఆగింది. "నువ్వే కూర్చో పిన్నీ. మీ ఆయన కొట్టేవాడు కదా అప్పట్లో? అబద్ధం కూడా కాదు."

సెంట్రీ కిసుక్కున నవ్వాడు. "మేడమ్ ఏమడిగినా పిన్నికి పాఠం అక్కర్లేదు సార్. ఊఁ ఒక్కటే వచ్చు కదా."

కవర్లు తీశారు. ఆ సోఫా అసలు రంగు ఆమె అప్పుడే చూసింది, లేత ఆకుపచ్చ. చేతులు కడుక్కుని, జుట్టు దువ్వుకుని కూర్చుంటే మెత్తగా లోపలికి దిగిపోయింది. అంత మెత్తటి చోట ఆమె ఎన్నడూ కూర్చోలేదు. గుమ్మం పక్కనున్న నీలం దారం చెప్పుల్ని హెడ్డుగారు బూటుకాలితో బల్ల కిందికి తోసేశాడు.

పెద్ద మేడమ్ నిజంగానే మంచావిడ. వెనక ఫోటోలవాడు, మరో నలుగురు. బొమ్మల బుట్ట చూసి మురిసిపోయింది. ఇలాంటివి ఇంకా చాలా గదులు మంజూరయ్యాయని, కొత్త బండ్లు కూడా వస్తున్నాయని చెప్పింది. ఊఁ పిన్ని పక్కనే కూర్చుని, చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వంకర మణికట్టు తగిలి ఆవిడ ముఖం చిన్నబోయింది.

"మొగుడా?"

"ఊఁ."

మేడమ్ భుజం మీదుగా కిటికీ కనపడుతోంది. కిటికీలోంచి వెనక వాకిలి. మోటారు సైకిలు ఒకటి వచ్చి ఆగింది. బండి దిగినవాడు నీటుగా తల దువ్వుకున్నాడు, చేతిలో కూల్‌డ్రింకు సీసా ఉంది. మొగుణ్ణి పిలిపించి అప్పజెప్పడం హెడ్డుగారికి రోజూ ఉండే పనే, ఇవాళ ఎప్పుడు ఫోన్ చేశాడో మరి. సెంట్రీ షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

ఆ సీసా చూడగానే ఊఁ పిన్నికి బన్ను గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళ కిందట ఇదే స్టేషన్లో, బయటి బల్ల మీద తను కూర్చుంది. మొగుడు ఆకలేస్తుందేమోనని బన్ను కొనుక్కొచ్చాడు. "చూడమ్మా, ఎంత ప్రేమో!" అన్నాడు అప్పటి హెడ్డు. ఆ సాయంత్రమే చెయ్యి విరిగింది.

పిల్ల షెడ్డులోంచి బయటికి వచ్చింది. సీసా తీసుకోలేదు. వాడు నవ్వుతూ మూత తీసి మళ్ళీ ఇచ్చాడు. సెంట్రీ ఏదో నచ్చజెబుతున్నాడు. పిల్ల గులాబీ గది కిటికీ వైపు చూసింది. ఎండకి అద్దం మెరుస్తుందేమో, లోపల ఎవరున్నారో కనపడినట్టు లేదు. కాలుతున్న నేల మీద పాదాలు మార్చి మార్చి వేస్తూ నడిచి, బండెక్కింది.

"భయపడకమ్మా" అంటోంది మేడమ్. "ఇక్కడ నీ మాట విన్నారా? నిన్ను బాగా చూసుకున్నారా? ఏదున్నా నాతో చెప్పు."

గుమ్మం దగ్గర హెడ్డుగారు నిలబడి ఉన్నాడు. బెదిరించడం లేదు, బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. ఊఁ పిన్ని నోరు తెరిచింది. చెప్పాల్సింది ఎంతో లేదు. కిటికీలోంచి చూడండమ్మా, ఆ పిల్లని ఆపండమ్మా. బండి స్టార్టయిన చప్పుడు వినపడింది.

"ఊఁ" అంది.

ఫోటో తీశారు.

మేడమ్ వెళ్ళిపోగానే హెడ్డుగారు ఫ్యాను కింద కూలబడి, "నువ్వు బంగారం పిన్నీ" అన్నాడు. అందరికీ టీ తెప్పించాడు. ఆమె సోఫాకి మళ్ళీ కవర్లు తొడిగింది. మూల కుట్టు దగ్గర చిరిగితే టేపు అంటించింది.

"ఆ పిల్ల చెప్పులు వదిలేసి పోయింది" అంది.

"రేపు వస్తుందిలే, తీసుకుంటుంది. ఎక్కడికి పోతుంది?"

ఎప్పటిలా ఊఁ అనబోయింది. గొంతులోంచి రాలేదు. హెడ్డుగారు గమనించలేదు.

సాయంత్రం బస్సు వేళకే ఒకామె వచ్చింది. భుజానికి సంచీ, ముఖమంతా దుమ్ము. పెదవి విరుపూ, నుదురూ చూస్తే అడగక్కర్లేదు, అక్కే.

"మా చెల్లెలు ఇక్కడే కూర్చుంటానంది. బొత్తాలు కుడుతుంది. ఎక్కడుందండీ?"

"వాళ్ళాయనొచ్చి తీసుకెళ్ళాడమ్మా" అన్నాడు హెడ్డుగారు. "ఇద్దరూ రాజీ పడ్డారు. మంచిగానే వెళ్ళారు."

"రాజీయా? నన్ను రమ్మని ఏడ్చి ఏడ్చి పిలిచిన పిల్ల, నేను రాకుండానే రాజీ పడిందా?" అక్క ఫోన్ తీసి నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది.

"సిగ్నల్ ఉండదేమోనమ్మా" అన్నాడు హెడ్డుగారు. ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు బల్ల మీద స్టేషన్ ఫోన్ మోగింది. హెడ్డుగారు ఎత్తాడు. "ఏ సందు?" అన్నాడు. వింటూ వింటూ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. టోపీ వెతుక్కున్నాడు, అది అతని తల మీదే ఉంది. సెంట్రీకి కళ్ళతోనే జీపు చూపించాడు.

"ఏమైంది?" అంది అక్క.

"పిన్నీ, ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు" అని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఏమైంది? మా చెల్లికేమైంది? చెప్పరేం!" అక్క జీపు వెనక గేటుదాకా పరిగెత్తి, రోడ్డు మీద దుమ్ములో ఆగిపోయింది.

ఊఁ పిన్ని తాళం తీసింది. లైటు వేసింది. కవరు కొస పట్టుకుని లాగితే మధ్యాహ్నం తనే వేసిన టేపు పర్రుమని ఊడివచ్చింది. మొత్తం లాగేసి, ఉండ చుట్టి మూలన పడేసింది. ఖాళీ సోఫా ఆకుపచ్చగా మెరుస్తోంది. తర్వాత బల్ల కింద మోకాళ్ళ మీద వంగి, మంచి చెయ్యి చాపి వెతికింది. ఒకటి దగ్గరే దొరికింది. రెండోది గోడ మూలకి పోయింది, అందుకోడానికి చెంప గచ్చుకి ఆనించాల్సి వచ్చింది.

తన గుడ్డతో దుమ్ము తుడిచి గుమ్మం పక్కన పెట్టింది, పొద్దున్న ఎలా ఉన్నాయో అలాగే, జతగా, గదివైపు తిప్పి. మడమల దగ్గర అరిగి గుంటపడ్డ చెప్పులు, ఎడమదాని పట్టీకి నీలం దారం, ఇంకా ఒక్క కుట్టూ వదలకుండా.