గంటల కాగితం

"శనివారాలు నువ్వు నర్సింగు క్లాసుకి పోతే ఇక్కడ గిన్నెలెవరు తోముతారు, మీ పంతులమ్మా?" అన్నాడు నా మొగుడు రొహేలియో, వేడి టొర్టియా రొట్టె బీన్సు కూరలో ముంచుకుంటూ. ఆయిలు బావి దగ్గర పన్నెండు గంటలు పనిచేసొచ్చిన మనిషి, జాలిపడాలి. పడ్డాను, అదే నా రోగం. క్లాసులో చేరడానికి శుక్రవారమే గడువు. ఆలోచిద్దాంలే అన్నాను. ఆలోచించడమంటే మానుకోవడమేనని మా ఇద్దరికీ తెలుసు.

గురువారం సాయంత్రం మా అబ్బాయి ఎఫ్రాయిన్‌తో పిల్లల కోర్టుకి వెళ్ళాను. ఈ టెక్సస్ ఊళ్ళో చిన్న తప్పులు చేసిన పిల్లలకి శిక్ష వేసేది తోటి పిల్లలే. లాయర్లూ వాళ్ళే, తీర్పు చెప్పే జ్యూరీ కూడా వాళ్ళే. నాలాంటి వాలంటీర్లం తలుపు దగ్గర కూర్చుని గంటల కాగితాలిస్తాం. శిక్షగా ఎక్కడ ఎన్ని గంటలు పనిచేశారో అందులో రాయించి సంతకం తెచ్చుకోవాలి.

ఆరోజు బడి గోడ మీద రంగు చల్లిన ట్రెంట్ కేసు. శిక్ష వెయ్యమని వాదించే ప్రాసిక్యూటరు మావాడే. నేను ఇస్త్రీ చేసిన చొక్కాతో లేచాడు. "చర్చి వంటగదిలో నలభై గంటలు వెయ్యండి. గిన్నెలు తోమి, నేల తుడిస్తేగాని బుద్ధి రాదు."

ట్రెంట్ తరఫున వాదించే ప్రిసిల్లా ఒప్పుకోలేదు. "ఇది మరీ అన్యాయం. నలభై గంటలు ఊళ్ళోవాళ్ళ ఎంగిలి పళ్ళేలు కడిగితే నడుం విరుగుతుంది, పరువూ పోతుంది."

జ్యూరీ గుసగుసలాడి ఇరవై నాలుగుకి తగ్గించింది. ట్రెంట్ వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. నలభై గంటలంటే నాకు పది రోజుల పని. పెళ్ళయిన ఈ పందొమ్మిదేళ్ళలో ఒక్కరైనా అయ్యో పాపం అని ఒక్క గంట తగ్గించారా? రోజంతా ఇంట్లో ఏం చేస్తావే అని మా అత్తగారు ఫోన్లో అడిగితే నేనే సిగ్గుపడ్డాను. నా తరఫున ఎవరైనా ఎప్పుడైనా లేచి మాట్లాడారా అని వెతుక్కున్నాను, ఒక్క మొహమూ గుర్తురాలేదు. చేతిలోని గంటల కాగితాల దొంతర నుంచి రెండు తీసి సంచిలో పెట్టుకున్నాను.

శుక్రవారం క్లాసులో పేరు రాయించుకున్నాను.

శనివారం పొద్దున ఎఫ్రాయిన్ తిన్న పళ్ళెం అలాగే వదిలేసి, పాల కోసం ఫ్రిజ్ దగ్గరికెళ్ళి ఆగిపోయాడు. తలుపు మీద ఒక కాగితం వాడి పేరున, ఇంకొకటి వాళ్ళ నాన్న పేరున. శనివారాలు, తొమ్మిది నుంచి ఒంటిగంట, గిన్నెలు, నేల.

"ఇదేంటమ్మా, నేనేం తప్పు చేశానని?"

నేను కారు తాళాలు తీసుకున్నాను.

"నేనేం తప్పు చేశానో నువ్వే చెప్పు నాన్నా, ప్రాసిక్యూటరువి కదా."