గోడ అవతలికి విసిరిన ఆకులు

సమోవాలోని ఆ ఊళ్లో నెలకోసారి మహిళా సంఘం ఇల్లిల్లూ తనిఖీ చేస్తుంది. ఆ రోజు వాకిట్లో ఎండుటాకు కూడా కనపడకూడదు. మసీనా వాకిలి ఊడ్చి, క్యాబేజీ నారుమడి దగ్గరకు వెళ్లి ఆగిపోయింది. లేత ఆకుల నిండా చిల్లులు. అడుగున పచ్చటి పురుగులు. వేలు తగిలితే సన్నని దారం పట్టుకుని వేలాడుతున్నాయి.

బడిపిల్లల భోజనం కోసం వేసే తోటకు నారు పెంచుతున్నవి రెండే ఇళ్లు. ఒకటి మసీనాది, రెండోది పక్కనున్న లోసాది. మడిలో పురుగు కనిపిస్తే బిస్కెట్ల డబ్బా జరిమానా కట్టాలి, సంఘంలో అందరి ముందూ పేరు చదువుతారు. డబ్బా పోతే పోయింది, పేరు చదివితే ఎలా?

మసీనా చిల్లుల ఆకులన్నీ గిల్లి, పందులకు అడ్డంగా కట్టిన రాతిగోడ మీదుగా అవతలికి, లోసా పెరటివైపు విసిరేసింది.

సంఘం పెద్ద తైమనే మడి చూసి మెచ్చుకుంది. వెనకే వచ్చిన లోసా ఊరుకోలేదు.

"ఏమే, మొక్కలకి క్షవరం చేయించావా? బోసిగా ఉన్నాయే!"

"నీకెందుకే కుళ్లు?" అని నవ్వేసింది మసీనా.

పది రోజులకు లోసా మడిలో ఈనెలే మిగిలాయి. మసీనా మడిలోనూ పురుగు మళ్లీ లేచింది కానీ, అది ఇంకా ఎవరి కంటా పడలేదు.

లోసా మడి సంగతి తెలిసి సంఘం కూర్చుంది. తైమనే కాగితం తీసి లోసా పేరు చదవబోయింది. లోసా తల వంచుకుని చాప పీచు పీకుతోంది. అంత నోరున్న మనిషి అలా కూర్చోవడం మసీనా చూడలేకపోయింది.

"పెద్దమ్మా, ఆ పురుగు నా మడిలోది. గోడ మీంచి నేనే విసిరాను."

"ఓసి నీ చెయ్యి పడ! అప్పుడే చెప్పి ఏడిస్తే కూర్చుని ఏరేవాళ్లం కదే!" అంది లోసా.

"పేరు చదువుతారని భయమేసింది."

లోసా గొంతు తగ్గింది. "నేను మాత్రం? నాలుగు రోజులు చాప కప్పి దాచా."

తైమనే కాగితం మడిచేసింది. "తప్పు మీ ఇద్దరిదే కాదు, ఈ కాగితానిది కూడా. పురుగుని పట్టడానికి తిరుగుతున్నాం అనుకున్నాం. పురుగు పట్టిన ఇంటిని పట్టుకుంటున్నాం. ఇకమీదట ముందు చూసినవాళ్లు కేకెయ్యండి. ఆ ఇంటికి జరిమానా లేదు. అందరం వెళ్దాం."

ఆ సాయంత్రమే పదిమంది ఆడవాళ్లు మసీనా మడి చుట్టూ గొంతుక్కూర్చుని పురుగులు ఏరి సబ్బునీళ్లలో వేశారు. లోసా తన పాత దోమతెర తెచ్చి మడి మీద కప్పింది. లోసా నారు పోనే పోయింది. మసీనా నారు మాత్రం దక్కింది. ఆ ఏడు బడి తోటలో సగం నేలలోనే క్యాబేజీ పెరిగింది.

చదివే అక్కచెల్లెళ్లారా, మొక్కకు పట్టిన పురుగైనా, ఇంట్లో పుట్టిన కష్టమైనా, చెప్పినవాళ్లను సిగ్గుపరిచే చోట అది చాటుగా పెరిగి పక్కింటికి కూడా పాకుతుంది.