మా ఇంటికి తిరిగొచ్చిన టర్కీ

"ఫ్రీగా వచ్చింది కదే, పారేస్తామా?" అన్నారు మా ఆయన.

అన్న మనిషి సోఫాలో పడుకుని ఉన్నారు. నెత్తి మీద ముందురోజు క్రిస్మస్ భోజనాల దగ్గర పెట్టుకున్న ఎర్ర కాగితం కిరీటం ఇంకా అలాగే ఉంది. విన్న మనిషిని నేను. వంటింట్లో నిలబడి, మోచేతుల దాకా జిడ్డుతో, టర్కీ ఎముకల సందుల్లోంచి మాంసం ఏరుతున్నాను. అప్పటికి రెండు పెద్ద గిన్నెలు నిండాయి. పక్షి మాత్రం ఏమీ తగ్గినట్టు లేదు.

ఆ టర్కీని ఆయన ఆఫీసులో తీసిన రాఫిల్ లాటరీలో గెలుచుకున్నారు. మా పెళ్ళయ్యాక ఆయన ఏదైనా గెలవడం అదే మొదటిసారి. చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ట్రామ్‌లో తెచ్చారు. ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. 'కంగ్రాట్స్ జ్ఞానరాజు అన్నా' అని ఇక్కడ ఇంగ్లండులో, మా నాటింగ్‌హామ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ రాశారు. గెలవడంతో ఆయన పని అయిపోయింది, పక్షి నా చేతికొచ్చింది. ఫ్రిజ్‌లో పట్టలేదు. మంచు కరగడానికి స్నానాలతొట్టిలో చన్నీళ్ళు పోసి అందులో పెట్టాను. మా సారా ఆ రోజు పళ్ళు తోముకోనంది. "ఇట్స్ లుకింగ్ ఎట్ మీ, మమ్మీ" అని ఏడుపు. దానికి తలే లేదమ్మా అని ఎంత చెప్పినా వినలేదు.

క్రిస్మస్‌కి ముందురోజు నాకు పొద్దుటి నుంచి రాత్రి దాకా వార్డులో డ్యూటీ. పండగనాడు తెల్లవారుజామునే లేచి ఆ పక్షికి వెన్న రాసి ఓవెన్‌లో తోశాను. ఎందుకైనా మంచిదని మటన్ బిర్యానీ కూడా చేశాను. మా ఆయన మా చర్చికి వచ్చే స్టూడెంట్లని భోజనానికి పిలిచారు. పాపం, ఇంటికి దూరంగా ఉన్న పిల్లలు. ఒక్కొక్కరూ మర్యాదకి ఒక్కో ముక్క టర్కీ వేసుకుని, చాలాసేపు నమిలి, "అక్కా, మటన్ బిర్యానీ ఇంకొంచెం ఉందా?" అన్నారు. టర్కీ పీచు పీచుగా, పత్తి నమిలినట్టుగా ఉంది. "మా ఎస్తేరుకి రోస్టింగ్ అంతగా అలవాటు లేదులే" అని మా ఆయన నా తరఫున వాళ్ళకి క్షమాపణ చెప్పారు.

నిజానికి ఆ వారం నేను సెలవు పెట్టింది టర్కీ కోసం కాదు. జనవరి మొదటి సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉంది, మా వార్డులోనే సిస్టర్ పోస్టుకి, అంటే ఇక్కడ నర్సులందరి మీదా హెడ్. కిందటేడు అదే పోస్టుకి వెళితే, నేను పని నేర్పిన అమ్మాయికి ఇచ్చారు. మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి "ఎస్తేర్, యు ఆర్ సో హార్డ్‌వర్కింగ్" అని మొదలుపెట్టగానే నాకు సంగతి అర్థమైపోయింది. అన్ని పనులూ నేనే నెత్తిన వేసుకుంటానట. పక్కవాళ్ళకి పని అప్పగించడం నాకు చేతకాదట. బెడ్‌పాన్ మొదలుకుని బంధువుల ఫిర్యాదుల దాకా 'ఎస్తేర్ చూసుకుంటుందిలే' అని నా మీద వదిలేసి టీకి వెళ్ళే మనుషులే ఈ మాట అన్నారు. ఈసారి పది నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం కూడా వాళ్ళే ఇచ్చారు. పనిని ఇతరులకు అప్పగించడం ఎలా?

ఆ పోస్టు నాకు కావాలి. గట్టిగా కావాలి. ఎన్నేళ్ళ నుంచో నా పండగలూ నా నిద్రా ఎవరో రాసిన డ్యూటీల పట్టీ, అదే రోటాని బట్టి నడుస్తున్నాయి. ఒక్కసారి ఆ రోటా నేను రాయాలని ఉంది. ఈ మాట మా ఆయనతో చెబితే "ఇప్పుడు ఆ పోస్టు లేకపోతే మనకేం తక్కువైందే? నువ్వు సిస్టర్ అయి కూర్చుంటే ఇంట్లో ఎవరు చూస్తారు?" అన్నారు నవ్వుతూ. మా ఆయన మంచివారు. ఏ మాటైనా నవ్వుతూనే అంటారు.

అందుకని సెలవు పెట్టి, పైగదిలో లాప్‌టాప్ తెరిచి, మొదటి స్లైడు మీద విషయమూ నా పేరూ రాశాను. అంతే. అక్కడి నుంచి టర్కీ నన్ను కదలనివ్వలేదు.

"ఇది చూడవే, మిగిలిపోయిన టర్కీతో ఈజీ వంటలు" అంటూ ఆయన సోఫాలోంచే ఐప్యాడ్‌లో చదివి వినిపించడం మొదలుపెట్టారు. "పావుగంటలో అయిపోతుందట. ఎంత ఈజీనో!" ఆయన చదివిన ప్రతి వంటా ఈజీయే. ఉల్లిపాయలు ఎవరో తరిగి పెట్టి ఉంచుతారు, గిన్నెలు ఎవరో కడుగుతారు. మధ్యలో పాలకొల్లు నుంచి మా అత్తగారు సత్యమ్మ గారి ఫోను. "అంత మాంసం ఉంటే ఇంటిల్లిపాదికీ వారం గడిచిపోద్ది. ఆడది కాస్త ఒళ్ళు వంచాలి గానీ! మావాడికి వేపుడంటే ప్రాణం, కాస్త మిరియాలు ఎక్కువెయ్యి" అన్నారు. వేశాను. వేపుడు చేశాను, పులుసు పెట్టాను, సీసాలో గోంగూర తీసి అందులో కలిపాను, పలావు చేశాను, ఎముకలు ఉడకబెట్టి సూపు కాచాను. చివరికి కట్లెట్లు చేస్తుంటే సారా వచ్చి, బిస్కెట్లు కోసే నక్షత్రం అచ్చు తెచ్చి, నక్షత్రాలు చేద్దామంది. ఆ అచ్చుకి ఒక కొమ్ము వంకర. కట్లెట్లన్నీ ఒక కాలు విరిగిన నక్షత్రాల్లా వచ్చాయి. చేసిన పిల్ల కూడా తినలేదు. "కెన్ ఐ బీ వెజిటేరియన్ నౌ?" అంది.

ఇక లాభం లేదని పంచిపెట్టడం మొదలుపెట్టాను. ఐస్‌క్రీం డబ్బాల్లో సర్ది, పలావు పక్కింట్లో ఉండే గిరిజకి, పులుసు మా చర్చి పెద్దదిక్కు రోజమ్మ ఆంటీకి, నక్షత్రాల కట్లెట్లు చర్చికే వచ్చే కమలాదేవికి ఇచ్చాను. ఫ్రిజ్‌లో ఖాళీ కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. లాప్‌టాప్ ముందు కూర్చుని రెండో స్లైడు మొదలుపెట్టాను.

కానీ మనవాళ్ళు ఎవరి డబ్బా అయినా ఖాళీగా తిరిగివ్వరు కదా. మా అమ్మయితే ఇంట్లో ఏమీ లేనప్పుడు పక్కింటి గిన్నెలో చిటికెడు పంచదారైనా వేసి పంపేది. ఆ సంగతి నాకు తట్టనేలేదు. మర్నాడే గిరిజ తలుపు కొట్టింది. డబ్బా నిండా మంచూరియా. మూత తీశాను. టర్కీ.

"ఏం జెయ్యాలె అక్కా, మా ఇంట్ల గూడ గదే ఉన్నది. సగం ధరకే ఇస్తున్నరని మావోడు రెండు పట్టుకొచ్చిండు. నేను ఆఫీసుకెళ్ళి వచ్చుడు, దానికి మసాలా పట్టిచ్చుడు. ఇగ గిదే బతుకైంది" అంది.

సాయంత్రం కమలాదేవి డబ్బాలో టర్కీ కుర్మా వచ్చింది. రోజమ్మ ఆంటీ డబ్బాలో టర్కీ ఊరగాయ వచ్చింది. ఊరగాయ అంటే ఇంక అది ఏడాదంతా ఉంటుంది. డబ్బాలు వచ్చాయి కాబట్టి మళ్ళీ నింపి పంపాను. నింపినవి మళ్ళీ నిండి వచ్చాయి. ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళమంతా సెలవులు పెట్టుకునో, ఆఫీసుల నుంచి వచ్చాకో, ఎవరికీ అక్కర్లేని మాంసాన్ని ఒకరి వంటింట్లోంచి ఇంకొకరి వంటింట్లోకి మోస్తున్నాం. రెండో స్లైడు రెండో స్లైడుగానే ఉండిపోయింది.

ఆ వారం చివర్లో రోజమ్మ ఆంటీ స్వయంగా వచ్చారు. రిటైరైన నర్సు. తన డబ్బాలన్నిటికీ బ్యాండేజీ టేపు అంటించి పేరు రాసుకుంటారు. అలాంటి డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి "పొద్దున్నే లేచి నీ కోసం చేశానే అమ్మాయ్. వేడివేడిగా తినండి" అని వెళ్ళిపోయారు.

సారా మూత తీసింది. "మమ్మీ! దీజ్ ఆర్ మై స్టార్స్!"

నక్షత్రాలే. ఒక్కో దానికీ ఒక కొమ్ము వంకర. కమలాదేవి ఇంటికి పోయి, అక్కడి నుంచి రోజమ్మ ఆంటీ ఇంటికి పోయి, ఊరంతా తిరిగి నా చేత్తో చేసిన కట్లెట్లు నా దగ్గరికే వచ్చాయి. నాకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, వంటింటి గట్టుకి ఆనుకుని పడీ పడీ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టానో తెలియదు. సెలవు అయిపోవచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన వంటింట్లోకి తొంగి చూశారు. "ఎస్తేరూ, నీకో గుడ్ న్యూస్. టర్కీ సంగతి నేను సెటిల్ చేసేశాను. న్యూ ఇయర్ ఆరాధన తర్వాత చర్చిలో అందరికీ మన ఇంటి నుంచి టర్కీ బిర్యానీ అని పాస్టరు గారికి చెప్పేశాను. నీకైతే అది ఈజీ కదా!"

నేను కళ్ళు తుడుచుకున్నాను. రెండో స్లైడు మీద నేనే రాసిన మాటలు గుర్తొచ్చాయి. పని ఏమిటో స్పష్టంగా చెప్పాలి. కావలసిన సామాను చూపించాలి. ఒకసారి అప్పగించాక మళ్ళీ వేలు పెట్టకూడదు.

"చాలా మంచి ఆలోచనండీ. బియ్యం ఈ డబ్బాలో ఉంది, మసాలాలు ఆ అరలో ఉన్నాయి, పెద్ద గిన్నె పొయ్యి కింద ఉంది. రేపు మీరు వండండి. నేను లైబ్రరీకి వెళ్తున్నాను" అన్నాను.

"నేనా?" అని నవ్వారు. నేను నవ్వలేదు. "ఈజీయే కదండీ" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ట్రామెక్కి సిటీలో లైబ్రరీకి వెళ్ళాను. ఫోను సైలెంట్‌లో పెట్టినా టేబుల్ మీద వెలుగుతూనే ఉంది. 'నెయ్యి ఎక్కడ?' 'పెద్ద గరిటె ఏది?' 'బిర్యానీ ఆకు అంటే ఈ ఎండిపోయిందేనా?' 'ఎస్తేరూ, ఉన్నావా?' ప్రతి మెసేజీకీ నా చెయ్యి ఫోను మీదకి పోయేది. ఆ అలవాటు నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. 'పొగ వస్తోంది, అలా రావచ్చా?' అని వచ్చినప్పుడు మాత్రం లేచి కోటు వేసుకున్నాను. ఒక చెయ్యి తొడుక్కున్నాక సారా మెసేజీ వచ్చింది. పొగకి మోగిన అలారం ఆగిపోయిందట, డాడీ బాగానే ఉన్నాడట, ఆకలేస్తే తను బ్రెడ్ తిందట. కోటు విప్పి మళ్ళీ కూర్చున్నాను. లైబ్రరీ మూసే లోపు ఆఖరి స్లైడు అయిపోయింది.

న్యూ ఇయర్ నాడు ఆ బిర్యానీ అడుగున మాడి, పైన ముద్దై చర్చికి చేరింది. అయినా పాస్టరు గారు మైకులో "మన జ్ఞానరాజు బ్రదర్ స్వయంగా వండారు" అని చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన లేచి నమస్కారం పెట్టారు. ఈ చర్చికి నేనెన్ని గిన్నెలు మోశానో, ఒక్కరోజూ చప్పట్లు వినలేదు. అయినా నాకు అసూయ కలగలేదు, కడుపు నిండా నవ్వొచ్చింది.

భోజనాలయ్యాక చర్చి వంటగదికి వెళ్ళాను. ఆడవాళ్ళందరూ గిన్నెలు తోముతున్నారు. సంచిలోంచి రోజమ్మ ఆంటీ డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆంటీ అందుకుని, బరువు లేకపోయేసరికి మూత తీసి చూశారు.

"ఖాళీగా ఉందేంటే?"

"కడిగి తుడిచాను ఆంటీ."

సింకు దగ్గర చేతులు ఆగిపోయాయి. కమలాదేవి కుళాయి కట్టేసింది.

"ఖాళీ డబ్బా ఇవ్వకూడదే అమ్మాయ్!"

"తెలుసు ఆంటీ. సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉంది. ఇందులో పెట్టడానికి నా దగ్గర ఇంకేమీ లేదు." ఇంతమందిలో పెద్దావిడ మొహం మీద ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు.

ఆంటీ నన్నూ డబ్బానీ మార్చి మార్చి చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ నక్షత్రాలు నేను చెయ్యలేదే" అన్నారు.

"తెలుసు ఆంటీ. అవి నేనే చేశాను."

మొదట కమలాదేవి నవ్వింది. తర్వాత ఆంటీ నవ్వారు. కళ్ళజోడు తీసి పైటతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. అప్పటికే నాకివ్వడానికని నా ఐస్‌క్రీం డబ్బాలో మిగిలిన బిర్యానీ సర్ది పెట్టారట. ఆ డబ్బా తీసి, మా ఆయన గిన్నె దగ్గరికి నడిచి, ఉన్నదంతా అందులోకే వంచేశారు. డబ్బా కడిగి, తుడిచి, ఖాళీగా నా చేతికిచ్చారు. "బాగా చెయ్యవే ఇంటర్వ్యూ" అన్నారు. సింకు దగ్గర ఒక్కొక్కరూ డబ్బాలు ఖాళీ చేసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేసుకోవడం మొదలైంది. వంచినవన్నీ ఆ గిన్నెలోకే.

నేను ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని బయటికొచ్చాను. వెనకాల మా ఆయన ఆ పెద్ద గిన్నె రెండు చేతులతో పట్టుకుని, చర్చి మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నారు. తెచ్చినప్పటి కంటే బరువెక్కినట్టుంది.

"ఎస్తేరూ, ఇంత మిగిలిపోయింది. దీన్నేం చెయ్యాలే?"

నేను వెనక్కి తిరిగాను. ఆయనలాగే నవ్వుతూ అన్నాను.

"ఫ్రీగా వచ్చింది కదండీ, పారేస్తామా?"