తొంభై రోజుల ఆదర్శ తల్లి

పొద్దున్న ఏడింటికి వచ్చిన తల్లిని పదకొండు దాటినా కూర్చోమన్న నాథుడు లేడు. కుర్చీలన్నీ వేదిక ముందుకు తరలిపోయాయి. ఎనిమిదేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని ఆమె ఆసుపత్రి వరండాలో నిలబడి ఉంది. పిల్లకు ఉబ్బసం. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు.

ఆనాటి సభ పిల్లల కోసం కాదు, ఫోను కోసం. ఉబ్బసం పిల్లలున్న ఇళ్లకు ఆసుపత్రివారు ఒక యాప్ ఇచ్చారు. పిల్ల ఎలా ఉందని అది రోజూ పదింటికి అడుగుతుంది. బాగుంటే నవ్వే బొమ్మ, లేకపోతే ఏడ్చే బొమ్మ నొక్కాలి. ఏడ్చే బొమ్మ నొక్కితే మర్నాడు పిల్లతో హాజరు కావాలి. లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసే మనిషి నెలకెన్నిసార్లు పని మానగలదో అడగాలని ఆ మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు. రెండోసారి మానినప్పుడే మేస్త్రీ "మూడోసారి మానితే ఇక రానక్కర్లేదు" అనేశాడు. అప్పట్నుంచి ఆమె తొంభై రోజులూ నవ్వే బొమ్మే నొక్కింది. ఇవాళ మాత్రం ఆసుపత్రివారే మేస్త్రీతో మాట్లాడి సెలవిప్పించారు. జబ్బుకు దొరకని సెలవు సన్మానానికి దొరికింది!

యాప్ చూసే మేడమ్ వచ్చి ఆమె చేతిలో ప్రశంసాపత్రం పెట్టింది.

"ఆదర్శ తల్లివమ్మా నువ్వు! తొంభై రోజులూ పాప బాగుందనే పెట్టావు. అందుకే రోజూ పీల్చే మందు ఈ నెల నుంచి ఆపేస్తున్నాం."

తల్లి ముందుకు జరిగింది. "ఆపకండి మేడమ్. ఆ మందున్నా దానికి ఆయాసం తగ్గట్లేదు."

"ఫోన్లో అలా లేదే?" మేడమ్ తెర చూపించింది. ఎదురుగా పిల్ల ఎగరొప్పుతుంటే తెరలో ఆరోగ్యం వెతికే చదువు ఏ బడిలో చెబుతారో! "పద పద, ఫోటోకి టైమైంది. కాస్త నవ్వాలి సుమా."

నిజం చెబితే నలుగురిలో పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల మందు పోతుంది. తల్లి కదల్లేదు.

"నేను అబద్ధం నొక్కానండి. పని పోతుందని భయపడి నొక్కాను. తప్పు నాదే, దానికి మాత్రం మందు ఆపొద్దు."

"ష్! పెద్దవాళ్లున్నారు, మెల్లగా." మేడమ్ గాభరాగా వేదిక వైపు చూసింది. "అదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఫోటో."

"నేను రాను." తల్లి కాగితాన్ని మేడమ్ చేతిలోనే పెట్టేసింది. కూతురి వీపును ఆమె వైపు తిప్పింది. "ముందు దీని వీపుకి చెవి ఆనించి వినండి. విన్నాక చెప్పండి మందు ఆపాలో వద్దో."

ముందు వరసలో వాళ్లు మెడలు తిప్పి చూశారు. మేడమ్ అలవాటు కొద్దీ మళ్లీ ఫోను వంక చూసింది.

తల్లి అరచెయ్యి ఆ తెరను కప్పేసింది.