ఎదురుకాళ్ళ కోడలు

నేను ఎదురుకాళ్ళతో పుట్టానని పెళ్ళిచూపుల్లో అమ్మ నోరు జారింది. మా తగరపువలసలో ఆ మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇక్కడ, ఫిషింగ్ హార్బర్ పక్కన అత్తవారి వీధిలో, అదే నాకు పెద్ద హోదా అయింది. అలా పుట్టినవాళ్ళు కాలితో తాకితే పట్టేసిన నడుము వదులుతుందట. చిరిగిన వలలు కుట్టీ కుట్టీ నడుము పట్టిన ముసలమ్మలు వచ్చి బోర్లా పడుకునేవారు. "మెల్లిగా తొక్కమ్మా, కొత్త పెళ్ళికూతురివి, పట్టీలు జారిపోగలవు!" అని వాళ్ళే నవ్వేవారు. మా ఆయన ఉమామహేష్ ఐస్ ఫ్యాక్టరీ నుంచి వస్తూనే చల్లటి అరచేతులు నా బుగ్గలకు ఆనించేవాడు. పెళ్ళై నెల కాలేదు, నాకు అన్నీ పండగలే.

ఆ పండగ మా ఆడపడుచు సాయిదుర్గ మోకాలి దగ్గర ఆగిపోయింది.

దుర్గ కబడ్డీ ఆడుతుంది, చిన్నప్పటి నుంచీ ఇసుకలోనే. జిల్లా జట్టు ఎంపిక మాత్రం మ్యాట్ మీద. ఇసుకలో పాదం జారుతుంది కాబట్టి మోకాలు బతికిపోతుంది. మ్యాట్ మీద బూటు అతుక్కుపోయి మోకాలే తిరుగుతుంది. ప్రాక్టీసులో అలాగే తిరిగింది. లోపల ఏదో టప్పుమందట. సాయంత్రానికి బాగా వాచిపోయింది.

"వొదినా, ఒకపాలి తొక్కీ. రేపే సెలక్షను," అంది.

"ఇది నడుం పట్టు కాదు దుర్గా. రేపు ఆడకు. ముందు డాక్టరుకి సూపిద్దాం."

"ముసలోళ్ళందరికీ తొక్కుతన్నావ్. నాకే తొక్కవేటి?"

మా కాలేజీ కబడ్డీ జట్టులో హేమశ్రీ ఇలాంటి మోకాలికే కట్టు కట్టుకుని ఆడింది. ఇప్పటికీ గోడ పట్టుకుని మెట్లు దిగుతుంది.

అత్త కాశమ్మ వంటింట్లోంచి వచ్చింది. "కాలు పెట్టడానికి ఏటమ్మీ ఇంత బెట్టు? ఊరికే తగిలించీ. దాని తృప్తి."

"తగిలిస్తే తగ్గిపోయిందనుకుంటాది అత్తా. ఆ ధైర్యంతో ఆడేస్తాది."

"దానికి పేరొస్తే నీకు కిట్టదు, అలాగ సెప్పు."

ఉమామహేష్ నా ముఖం చూడలేదు. "ఒకపాలి తాకితే ఏటైపోద్ది, నీలూ?" అన్నాడు.

నేను కాళ్ళు చీరలోకి ముడుచుకుని కూర్చున్నాను.

తెల్లారి దుర్గ బూట్లు తొడుక్కుంది. కుంటుతూ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నీ కాలు తగల్లేదు, నాకు బయమేస్తంది," అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది. జట్టు అమ్మాయిల ఆటో హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది.

స్కానింగ్ చూసిన డాక్టరు లిగమెంట్ కొంత చీలిందన్నాడు. ఆడి ఉంటే పూర్తిగా తెగిపోయేదన్నాడు. ఇప్పుడైతే ఆపరేషన్ లేకుండా, వ్యాయామాలతో నయం కావచ్చట. ఇంటికొచ్చి అదే అత్తతో చెప్పాను.

"ఆడితే కదా తెగీదో లేదో తెలిసీది," అంది.

తెగని దాన్ని చూపించి ఏం నిరూపించను? ఎంపికైన పిల్లల ఫొటోలు దుర్గ ఫోన్‌లోకి వస్తూనే ఉన్నాయి.

మోకాలి కింద పెట్టడానికి తువ్వాలు చుట్టి దుర్గ పక్కన కూర్చున్నాను. "డాక్టరు సెప్పింది సేద్దాం. కాలు సాపమ్మా."

కాలు చాపింది. ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుంది.